సిన్సినాటిలో సహారా

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఈ ఒక్క మాట అండతో ఎన్ని బట్టతలలకు జుట్టు మొలిచిందో, ఎన్ని గుమాస్తా ఉద్యోగాలు ఆఫీసరు ఉద్యోగాలయ్యాయో, ఎన్ని అరెకరాలు ఐదెకరాలయ్యాయో లెక్క లేదు. నా పెళ్ళినాటి బయోడేటాలో నా ఎత్తు రెండంగుళాలు పెరిగింది. సంబంధం తెచ్చిన పెద్దమనిషి చలవ అది. పెళ్ళయిన మూడో రోజున అటక మీంచి ఇత్తడి గంగాళం అందుకోమని అత్తగారు అడిగేదాకా ఆ రెండంగుళాలూ నా దగ్గరే ఉన్నాయి.

అందుకని అబద్ధాల మీద నాకు చిన్నచూపు లేదు. చెప్పేవాళ్ళ మీద అసలే లేదు. కాకపోతే ఈ విద్యలో మనల్ని మించినవాళ్ళు లేరన్న గర్వం ఒకటి ఉండేది. థీడా బారా అనే మూకీ సినిమాల నటి జీవితం చదివాక అది కాస్తా దిగిపోయింది. మనవాళ్ళు వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేస్తారు. న్యూయార్కులో ఫాక్స్ సినిమా కంపెనీవాళ్ళు వెయ్యి అబద్ధాలాడి తెరమీద పెళ్ళిళ్ళన్నీ చెడగొట్టి, దానికి టికెట్ పెట్టారు. మన పెళ్ళిళ్ళ పేరయ్యలకు ఈ ఆలోచన ఎందుకు రాలేదో!

ముందు నిజం చెప్పేస్తాను. చిన్నదే, త్వరగా అయిపోతుంది.

1885 జులై 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, సిన్సినాటి నగరంలో ఒక యూదు కుటుంబంలో థియోడోసియా గుడ్‌మన్ పుట్టింది. తండ్రి పోలండు నుంచి వలస వచ్చిన దర్జీ. తల్లిది స్విట్జర్లాండు. పిల్లను ఇంట్లో థీడా అని పిలిచేవారు. 1903లో వాల్‌నట్ హిల్స్ హైస్కూలు చదువు పూర్తిచేసి, సిన్సినాటి యూనివర్సిటీలో రెండేళ్ళు చదివింది. ఆ రోజుల్లో ఆడపిల్ల కాలేజీ గడప తొక్కడమే గొప్ప. తర్వాత నాటకాల పిచ్చి పట్టుకుని న్యూయార్కు చేరింది. 1908లో బ్రాడ్‌వే నాటకంలో ఒక వేషం దొరికింది. ఆ తర్వాత దొరికినవీ దొరకనివీ కలిపి ఏళ్ళు గడిచాయి. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాయిగానీ పేరు మాత్రం రాలేదు.

ఇదీ నిజం. గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి, ఇందులో ఒక్క ఒంటె ఉందా? ఒక్క పాము ఉందా? దర్జీ కూతురు, హైస్కూలు, కాలేజీ, వేషాల కోసం ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణలు. ఇలాంటి జీవితాలు ప్రతి వీధిలోనూ రెండు మూడు ఉంటాయి. వీధిలో ఊరికే కనిపించేదాన్ని చూడడానికి ఎవడైనా డబ్బు పెడతాడా? నిజానికి ఉన్న పెద్ద లోపమే అది. దాన్ని సరిదిద్దడానికి మానవజాతి ప్రచార శాఖను కనిపెట్టింది.

కంపెనీ యజమాని విలియం ఫాక్స్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన హంగరీలో పుట్టి, పసివాడిగా అమెరికా వచ్చాడు. ఇంటిపేరు ఫుక్స్. అమెరికా నీళ్ళు పడ్డాక ఫాక్స్ అయింది. సినిమాల్లోకి రాకముందు బట్టల వ్యాపారం చేసేవాడు. కుట్టుకు ఇచ్చే ముందు బట్టను పరీక్షించి, తడిపి, ముడుచుకునేదంతా ముందే ముడిచి ఇచ్చే కంపెనీ నడిపాడు. 1904లో బ్రూక్లిన్‌లో ఒక చిన్న సినిమా హాలు కొన్నాడు. అంటే బట్ట ఎంత ముడుచుకుంటుందో, కథ ఎంత సాగుతుందో, రెండూ తెలిసిన మనిషి. ఇటు దర్జీ కూతురు, అటు బట్టల వ్యాపారి. ఇక కుట్టుపనికి లోటేముంది?

1914లో ఫ్రాంక్ పావెల్ అనే దర్శకుడు ఆమెకు ఒక సినిమాలో చిన్న వేషం ఇచ్చాడు. ఆ వెంటనే ఫాక్స్ కోసం తీస్తున్న సినిమాలో ఏకంగా ప్రధాన పాత్ర ఇచ్చాడు. 1915 జనవరిలో విడుదలైన ఆ సినిమా పేరు 'ఎ ఫూల్ దేర్ వాజ్'. అనగనగా ఒక వెర్రివాడు అన్నమాట. దీని వంశవృక్షం చూడదగ్గది. ఫిలిప్ బర్న్-జోన్స్ అనే ఇంగ్లిషు చిత్రకారుడు, సోయి లేకుండా పడివున్న మగవాడి మీదికి వంగి నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ వేశాడు. 1897లో ఆ బొమ్మకు తోడుగా మన బొంబాయిలో పుట్టిన రడ్యార్డ్ కిప్లింగ్, వరసకు ఆ చిత్రకారుడి బంధువే, ఒక పద్యం రాశాడు. పద్యం మీద ఇంకొకాయన నాటకం కట్టాడు. నాటకం మీద ఫాక్స్ సినిమా తీశాడు. ఇలా నలుగురు మగవాళ్ళు పద్దెనిమిదేళ్ళపాటు ఒకరి తర్వాత ఒకరు కూర్చుని, ఆడది మగవాణ్ణి ఎలా నాశనం చేస్తుందో ఏకగ్రీవంగా తేల్చారు. విచారణలో సాక్షిగానైనా ఒక ఆడమనిషిని పిలిచినట్టు కనబడదు.

సినిమా కథ ఇది. స్కైలర్ అనే పెద్దమనిషి ప్రభుత్వ పనిమీద ఓడలో విదేశం బయల్దేరతాడు. ఇంట్లో బంగారంలాంటి భార్య, ముద్దులొలికే కూతురు. అదే ఓడ థీడా వేసిన మనిషి కూడా ఎక్కుతుంది. ఆమె పాత ప్రియుడొకడు డెక్ మీద తుపాకీ గురిపెడితే, చేతిలో ఉన్న గులాబీతో ఆ తుపాకీని అలా పక్కకు తోసి ముద్దు పెట్టమంటుంది. వాడు తనను తానే కాల్చుకుంటాడు. తర్వాత స్కైలర్ వంతు. ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది, మనిషి సీసాకు అతుక్కుపోయి ఎందుకూ పనికిరాకుండా పోతాడు. ఆఖర్న ఆమె ఆయన మీద పూల రేకులు విదిలిస్తూ నవ్వుతుంది.

న్యాయం ఎంత సూటిగా ఉందో గమనించారా? ఓడ ఎక్కింది ఆయన. ఇల్లు మరిచింది ఆయన. సీసా ఎత్తింది ఆయన. తప్పు మాత్రం ఆమెది. ఎందుకంటే ఆమె నవ్వింది. ఆయనా? నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. అంత అమాయకుణ్ణి ప్రభుత్వం విదేశీ వ్యవహారాల మీద ఎలా పంపిందన్నది ఆ సినిమా చూసినవాళ్ళు అడగలేదు, తీసినవాళ్ళు చెప్పలేదు. మన రచ్చబండ తీర్పులు విని పెరిగినవాణ్ణి కాబట్టి నాకూ పెద్ద ఆశ్చర్యం వెయ్యలేదు.

ఆ పాత్రకు సినిమాలో పేరు కూడా లేదు. వాంపైర్, అంతే. రక్తం తాగే పిశాచి. జనం అంత పొడుగు మాట మొయ్యలేక తోక కత్తిరించి వ్యాంప్ అన్నారు. ఆ తోకతెగిన మాటే సముద్రాలు దాటి మన సినిమా పత్రికల దాకా వచ్చింది. 'వ్యాంప్ పాత్రలకు పెట్టింది పేరు' అని ఎన్నిసార్లు చదవలేదు మనం! క్లబ్బులో ఒక పాట, తళుకుల గౌను, వేళ్ళమధ్య సిగరెట్టు, విలన్ పక్కన కుర్చీ, క్లైమాక్సులో హీరోకి తగలాల్సిన తూటా. ఆ వేషాలు వేసిన మన నటీమణుల ఇళ్ళలోనూ దర్జీలు, గుమాస్తాలు, అప్పులు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఉండే ఉంటాయి. అవి ఎవరిక్కావాలి!

సినిమా ఆడింది. గల్లాపెట్టె నిండింది. ఆ ఏడాదే ఫాక్స్ ఫిల్మ్ కార్పొరేషన్ వెలిసింది. అక్కడ వచ్చింది చిక్కు. కంపెనీని నిలబెట్టిన పిశాచికి సిన్సినాటిలో స్కూలు సర్టిఫికెట్టు ఉంది. పిశాచి అమ్మానాన్నలు శుభ్రంగా బతికే ఉన్నారు. పిశాచి పొద్దున్నే లేచి ఇంట్లోవాళ్ళతో కూర్చుని కాఫీ తాగుతుంది.

ఆల్ సెలిగ్, జాన్ గోల్డ్‌ఫ్రాప్ అని ఇద్దరు ప్రచారకర్తలు ఈ బరువు భుజాన వేసుకున్నారు. వీళ్ళకు విగ్రహాలు ఎక్కడా లేవు. ఉండాలని నా అభిప్రాయం. వీళ్ళు ఆమెను సహారా ఎడారిలో, పిరమిడ్ల నీడలో పుట్టించారు. చోటు ఎంపికలోనే వాళ్ళ తెలివంతా ఉంది చూడండి. పారిస్‌లో పుట్టిందని రాసి ఉంటే ఏ గిట్టనివాడో వెళ్ళి రిజిస్టరు తిరగేసేవాడు. ఎడారిలో జనన ధ్రువపత్రం ఎవరిస్తారు, ఒంటె ఇస్తుందా? తల్లిదండ్రుల దగ్గర మాత్రం కాస్త తడబడ్డారు. తండ్రి ఇటాలియన్ శిల్పి, తల్లి ఫ్రెంచి నటి అని ఒకచోట. తండ్రి ఫ్రెంచి చిత్రకారుడు, తల్లి అరబ్బు స్త్రీ అని ఇంకోచోట. ఎక్కడ ఎలా రాసినా దర్జీ మాత్రం దరిదాపుల్లో లేడు. అసలావిడ ఈజిప్టు ఎన్నడూ చూసిన మనిషి కాదు.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలని మనవాళ్ళ నియమం. ఈ నియమం ఎంత పాతబడిందో సెలిగ్, గోల్డ్‌ఫ్రాప్‌లు నిరూపించారు. వాళ్ళు చెప్పేది నిజం కాదని పాత్రికేయుల్లో చాలామందికి తెలుసు. తెలిసీ రాశారు. రాసింది నిజం కాదని చదివేవాళ్ళలో సగంమందికి అనుమానమే. అయినా చదివారు. అబద్ధం అతకడానికి జిగురు అబద్ధంలో ఉండక్కర్లేదు, వినేవాడి చెవిలో ఉంటే చాలు.

ఇక పేరు. థీడా బారా అన్న ఇంగ్లిషు అక్షరాలను అటూ ఇటూ మార్చి పేరిస్తే 'అరబ్ డెత్' అని వస్తుంది. అరబ్బు మృత్యువు! ఈ ముక్కను కంపెనీ ఊరూరా చాటింది. ఇందులో నాకు ముచ్చటేసే సంగతి వేరే ఉంది. థీడా అనేది ఆమె ఇంట్లో ముద్దుపేరు. బారా అనేది తల్లివైపు తాతగారి పేరు బారాంజేలో మొదటి ముక్క. అంటే రెండు సగాలూ నికార్సైన సొంత సొమ్ము. పేరులో అణుమాత్రం కల్తీ లేదు, అర్థం మాత్రం పూర్తిగా కల్తీ. పాలు స్వచ్ఛమైనవే పోసి పెరుగు అబద్ధం తోడుపెట్టినట్టు.

1915 జనవరిలో చికాగోలో విలేఖరుల్ని పిలిచారు. బయట ఎముకలు కొరికే చలి. హోటలు గదిలో బరువైన తెరలు దించి, కిటికీలు బిగించి, పూలూ అగరు పొగా కలిసి ఊపిరాడని వాసన నింపారు. ఎడారిలో పుట్టిన మనిషికి చికాగో చలి పడదు కదా, అందుకన్నమాట. పొయ్యిలాంటి ఆ గదిలో ఆమె బొచ్చు వస్త్రాలు చుట్టుకుని, నెమ్మదిగా, వచ్చీ రాని ఇంగ్లిషులో సమాధానాలు చెప్పింది. సిన్సినాటి యూనివర్సిటీలో రెండేళ్ళు చదివినావిడ ఇంగ్లిషు రానట్టు మాట్లాడ్డమంటే మాటలా? అదే ఆమె చేసిన గొప్ప నటన అంటాను నేను. విలేఖరులు వెళ్ళిపోయారు. లువెల్లా పార్సన్స్ అనే విలేఖరి ఒక్కతె మాత్రం వెనక ఉండిపోయిందట. ఆమె తర్వాత చెప్పినదాని ప్రకారం, తలుపు మూసుకున్న మరుక్షణం ఈ అరబ్బు మృత్యువు తెరలు లాగి పారేసి, కిటికీ తెరిచి, గాలి గాలి అంటూ బయటికి తల పెట్టింది.

తర్వాత ఫోటోలు. కింద ఒక అస్థిపంజరం, పక్కన చేతులు ఆనించి జుట్టు విరబోసుకుని ఈమె. కళ్ళకింద నల్లగా కాటుక. దాని మాంసమంతా ఈమే తినేసినట్టు ఒక చూపు. ఒప్పందం కూడా అలాగే కుట్టారని చెప్పుకుంటారు. మూడేళ్ళు పెళ్ళి చేసుకోకూడదట. బయటికి వస్తే ముసుగు వేసుకోవాలట. పగలు కనిపించకూడదట. కారు కిటికీలకు తెరలుండాలట. మన ఊళ్ళలో ఇవే నియమాలు కోడళ్ళకు పెడితే మర్యాదగల ఇల్లు అంటారు. అక్కడ పిశాచి అన్నారు. ఎవరి సంప్రదాయం వారిది.

మొదట్లో వారానికి 150 డాలర్లు ఇచ్చారు. దశ తిరిగినప్పుడు వారానికి 4000 డాలర్ల దాకా వెళ్ళింది. ఐదేళ్ళలో ముప్పై అయిదుకు పైగా సినిమాలు. లెక్క వేసుకోండి, ఏడాదికి ఏడెనిమిది. దాదాపు ప్రతిదాంట్లోనూ ఒకటో రెండో సంసారాలు కూల్చాలి. పొద్దున స్టూడియోకి వెళ్ళి, సాయంత్రానికి ఒక బ్యాంకరునో, ఒక దొరనో, ఒక రాజునో కూల్చి, ఇంటికొచ్చి అమ్మా నాన్నా చెల్లెలితో అన్నం తిని పడుకోవడం. ఈ రోజుల్లో వర్క్-లైఫ్ బ్యాలెన్స్ అని సెమినార్లు పెట్టేవాళ్ళు ఆమెను ఎందుకు ఉదాహరణగా చెప్పరో నాకు తెలీదు.

జనం నమ్మడం మొదలెట్టాక ఆ నమ్మకం హాలు దాటి వీధిలోకి వచ్చింది. తన సినిమా ఆడే థియేటర్లలోకి వెళ్తూ ఆడవాళ్ళు తన ఫోటోల్ని కాళ్ళతో తన్నేవారని ఆమే తర్వాత చెప్పుకుంది. న్యూయార్కు వీధిలో ఒక తల్లి, తన బిడ్డ ఈమెతో మాట్లాడిందని పోలీసును పిలిచిందట. పోలీసు వచ్చి ఏం చేశాడో మరి. బిడ్డ రక్తం కొలిచాడేమో.

ఆమె మాత్రం ఈ గోల మధ్యలో ఒక వింత మాట అంది. నేను వేసే పిశాచి వేషం ఆడవాళ్ళను వాడుకున్నవాళ్ళ మీద ఆడవాళ్ళ పగ, నా మొహం పిశాచిదే కావచ్చుగానీ మనసు స్త్రీవాదిది అని. 1910లలో సంగతి ఇది. అమెరికాలో దేశమంతా ఆడవాళ్ళకు ఓటు హక్కు 1920లో గానీ రాలేదు. నాకు తెలిసి ఆమె నోట వచ్చిన మాటల్లో పిరమిడ్లు లేని మాట ఇదొక్కటే. ప్రచార శాఖ దీన్ని ఎలా వదిలేసిందో! సెలవు రోజై ఉంటుంది.

1917 వచ్చేసరికి పని పరాకాష్ఠకు చేరింది. గుడ్‌మన్ కుటుంబం చట్టప్రకారం ఇంటిపేరు బారాగా మార్చుకుంది. ఇది చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. కూతురు తండ్రి ఇంటిపేరు వదలడం లోకంలో ఉన్నదే. తండ్రి కూతురి మారుపేరును ఇంటిపేరుగా తీసుకోవడం చూశారా? పోలండులో పుట్టి, సిన్సినాటిలో సూదీ దారంతో పిల్లల్ని పెంచిన మనిషి, అరవై దరిదాపుల్లో కోర్టు కాగితం మీద అరబ్బు మృత్యువుకు బంధువయ్యాడు. జీవితమంతా ఇతరుల కొలతలకు బట్టలు కుట్టిన దర్జీకి, కూతురు కంపెనీ కుట్టిన చొక్కా సరిగ్గా సరిపోయింది. ఆది కూడా అడగకుండానే కుట్టారు.

ఆ ఏడాదే 'క్లియోపాత్రా'. ఈసారి ఫాక్స్ ఆమెను కాలిఫోర్నియాకు తరలించాడు. జె. గార్డన్ ఎడ్వర్డ్స్ దర్శకుడు. దక్షిణ కాలిఫోర్నియాలో ఈజిప్టు లేచింది. పాములు చుట్టుకున్నట్టుండే ఆ బట్టలు, బట్టలు అనడం మర్యాదకేగానీ, చూసి చికాగో సెన్సారువాళ్ళు కత్తెరలు నూరుకున్నారు. ఆమె క్లియోపాత్రా పునర్జన్మేనని ప్రచారం. ఆమె కూడా అవునని తలూపింది. ఇక్కడ ఒక చిన్న శాస్త్రీయ సందేహం. క్లియోపాత్రా మళ్ళీ పుట్టాలనుకుంటే నైలు నది ఒడ్డున చోటే దొరకలేదా, వెతుక్కుంటూ ఒహాయో దాకా రావాలా? దీనికి కంపెనీ దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది, ఆమె ఒహాయోలో పుట్టలేదు కదా! ఒక అబద్ధం ఇంకో అబద్ధానికి ఇలా ఆసరాగా నిలబడ్డం చూస్తే, మనుషుల్లో కూడా ఇంత ఐకమత్యం ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది.

ఆమెకు వేరే వేషాలు వెయ్యాలని ఉండేది. 1915లోనే 'ది టూ ఆర్ఫన్స్'లో మంచి పిల్లగా వేసింది. 1916లో జూలియెట్‌గా వేసింది. జనం మర్యాదగా చూశారు. మర్యాదగా చూడడం అంటే సినిమావాళ్ళకు తెలుసు, హాల్లో ఎక్కువ కుర్చీలు ఖాళీగా ఉండడం. పిశాచి మంచిదైతే ఎలా? పులి గడ్డి తింటానంటే సర్కస్ కంపెనీ ఊరుకుంటుందా?

1919లో 'కథ్లీన్ మవోర్నీన్' అని ఐరిష్ పల్లెపిల్ల వేషం వేసింది. అప్పుడు తిరగబడ్డారు జనం. ఐర్లండును అలా చూపిస్తారా అని కొందరు, మా ఐరిష్ పిల్ల వేషం యూదుపిల్ల వెయ్యడమేంటని కొందరు అమెరికాలోని ఐరిష్‌వాళ్ళు గొడవకు దిగారు. చూశారా చోద్యం! సహారాలో పుట్టిందంటే నమ్మారు, రెండు వేల ఏళ్ళనాటి రాణి మళ్ళీ పుట్టిందంటే నమ్మారు. ఐర్లండు ఆడపిల్లగా నటిస్తానంటే మాత్రం ఒక్కసారిగా అందరికీ ఆమె అసలు పుట్టుపూర్వోత్తరాలు గుర్తొచ్చాయి. ఐదేళ్ళలో సిన్సినాటి దర్జీ కూతురిగా ఆమెకు దొరికిన గుర్తింపు అదొక్కటే, అదీ తిట్టు రూపంలో.

ఆ ఏడాదితో ఫాక్స్ కంపెనీకీ ఆమెకూ చెల్లు. యుద్ధం అయిపోయింది, ఆడవాళ్ళ జుట్టు పొట్టిదైంది, గౌన్లు పొట్టివయ్యాయి, కాటుక పిశాచి కాలం చెల్లింది. 1920లో 'ది బ్లూ ఫ్లేమ్' అనే నాటకంతో బ్రాడ్‌వే ఎక్కింది. పిడుగుపడి చచ్చిన అమ్మాయిని శాస్త్రవేత్త బతికిస్తాడు, కానీ ఆత్మ తిరిగి రాదు. అలా ఆత్మలేని మనిషై లోకం మీద పడుతుంది. విమర్శకులు పగలబడి నవ్వారు. జనం మాత్రం ఎగబడి కొన్నారు టికెట్లు. 48 ప్రదర్శనల తర్వాత అక్కడ తెర దించేశారు. ఆత్మ తీసేసి బతికించిన అమ్మాయి కథను ఫాక్స్ పనితనం చూసిన మనిషికే ఇచ్చిన ఆ రచయితల సమయస్ఫూర్తిని మెచ్చుకోకుండా ఉండలేను. వాళ్ళు కావాలని చేసి ఉండరనుకోండి.

1921లో ఆమె చార్లెస్ బ్రాబిన్ అనే దర్శకుణ్ణి పెళ్ళాడింది. ఇంగ్లండు మనిషి. ఐరిష్ పిల్ల సినిమా తీసింది ఆయనే. ఇక్కడ ప్రచార శాఖ పరువు పూర్తిగా పోయింది. తెరమీద అన్ని సంసారాలు కూల్చిన మనిషి, సొంత సంసారం దగ్గరికి వచ్చేసరికి దాదాపు ముప్పై నాలుగేళ్ళు ఒకే మొగుడితో కాపురం చేసింది. విడాకులు లేవు, కుంభకోణం లేదు, ఒక్క తుపాకీ పేలలేదు, ఒక్క గులాబీ రేకు నేలపాలు కాలేదు. మంచి వంట, మంచి విందులు, ఇంటికొచ్చినవాళ్ళకు మంచి మాటలు. హాలీవుడ్డులో మడిగా తడిగా వేషాలు వేసిన కథానాయికలు రెండేసి, మూడేసి పెళ్ళిళ్ళు చేసుకుంటున్న రోజుల్లో, పిశాచి మాత్రం పతివ్రతగా మిగిలింది. మా సంబంధాల పెద్దమనిషికి ఈ బయోడేటా ఇచ్చి ఉంటే ఎత్తు కూడా పెంచక్కర్లేకుండా పెళ్ళి కుదిర్చేవాడు.

1925లో ఒక సినిమా, 1926లో తన పాత వేషాన్నే వెక్కిరించే చిన్న కామెడీ సినిమా ఒకటి. అంతే. మాటలొచ్చిన సినిమాల్లో ఆమె ఒక్క మాటా పలకలేదు. మళ్ళీ రావాలని ఆశ ఉండేది. పిలుపు రాలేదు.

ఇంతలో ఫాక్స్ గారి కథ ఇంకో దారి పట్టింది. 1930లో కంపెనీ ఆయన చేజారింది. 1936లో దివాలా. ఆ కేసులో జడ్జికి లంచం ఇవ్వజూపినందుకు తర్వాత జైలుకూడా చూశాడు. పిరమిడ్ల నీడలో ఆడపిల్లను పుట్టించినందుకు మాత్రం ఏ కోర్టూ ఆయన్ని పిలవలేదు.

1937 జులై 9న న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీ అనే ఊళ్ళో ఫాక్స్ పాత సినిమాలు దాచిన గోదాము అంటుకుంది. అప్పటి ఫిల్ము నైట్రేటుతో చేసేవారు. మంట అంటుకుంటే నీళ్ళలో ముంచినా కాలుతుంది. ఎండలు మండిపోతున్న రోజులు, గోదాములో గాలి ఆడదు. 40,000కు పైగా రీళ్ళు. ఊరివాళ్ళు నిద్రలో ఉండగా మంటలు ఇళ్ళమీదికి వచ్చాయి, ఒక కుర్రవాడు చనిపోయాడు. ఈ ముక్క దగ్గర నాకు వెటకారం రావడం లేదు.

కాలిన తుక్కును లారీలకెత్తారు. ఫిల్ములో కాస్త వెండి ఉంటుంది కదా, దాన్ని తీయడానికి. డబ్బాకు ఐదు సెంట్ల వెండి వచ్చిందట. క్లియోపాత్రా కిరీటం, జూలియెట్ విషం, కార్మెన్ గౌను, సలోమీ నాట్యం, అన్నీ డబ్బాకు ఐదు సెంట్లు. ఆ గోదాములోనే ఆమె సినిమాల్లో ఎక్కువ భాగం పోయాయి. దాదాపు నలభై సినిమాల్లో పూర్తిగా మిగిలినవాటిని ఒక చేతి వేళ్ళమీద, మహా అయితే రెండో చెయ్యి కాస్త అరువడిగి లెక్కపెట్టొచ్చు. క్లియోపాత్రాలో మిగిలింది కొన్ని క్షణాల ముక్కలు. మీరు ఈ వాక్యం చదివేలోపు ఆమె వచ్చి వెళ్ళిపోతుంది.

ఇప్పుడు సెలిగ్, గోల్డ్‌ఫ్రాప్‌ల గొప్పతనం ఇంకోసారి తలుచుకోండి. ఆమె ఐదేళ్ళు ఎండలో, దీపాల వేడిలో, బరువు కిరీటాల కింద చేసిన పని నైట్రేటు మీద ఉంది, కాలిపోయింది. వాళ్ళు ఓ మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని రాసిన ఎడారి, ఒంటెలు, ఇటాలియన్ శిల్పి, అక్షరాల తిరగమోత అన్నీ కాగితం మీద ఉన్నాయి, ఒక్క వాక్యం కూడా చెక్కుచెదరలేదు. ఆమె ఎలా నటించేదో తేల్చడానికి సినిమాలు చాలవు. ఎక్కడ పుట్టలేదో చెప్పడానికి మాత్రం కావలసినంత సమాచారం ఉంది. నేను రాసిన ఈ వ్యాసంలోనే చూడండి, సిన్సినాటికి ఒక్క పేరా ఇచ్చాను. సహారాకు ఎంత ఇచ్చానో మీరే కొలుచుకోండి. మా దర్జీ దగ్గర టేపు ఉంది.

ఆమె 1955 ఏప్రిల్ 7న లాస్ ఏంజిలిస్‌లో కడుపు క్యాన్సరుతో చనిపోయింది. అస్థికలు ఉంచిన చోట థీడా బారా బ్రాబిన్ అని పేరు వేశారు. తాతగారి పేరులో ముక్క, మొగుడి పేరు, మధ్యలో గుడ్‌మన్ ఎక్కడా లేడు. 1994లో అమెరికా తపాలా శాఖ ఆమె బొమ్మతో స్టాంపు వేసింది. ఆ స్టాంపు మీదా కళ్ళకు కాటుకే.

రాత్రి ఈ వ్యాసం పూర్తిచేసి మా ఆవిడకు ఆ అస్థిపంజరం ఫోటో చూపించాను. ఆవిడ ఆమె వైపు ఒక చూపు, ఎముకల వైపు నాలుగు చూపులు చూసి, "పాపం, ఇతనిది ఏ ఊరండీ?" అని అడిగింది. ఎక్కడా రాసిలేదు. ఎత్తు మాత్రం నా బయోడేటాలో ఉన్నంత ఉన్నట్టుంది.